వల బిగించే ముందు సజ్జ మీదికి తొంగి చూడండి

పక్షుల వలలు బిగించే వృత్తిలో ఉన్నవారికి, వారిని పనికి పిలిచే నివాస సముదాయాల నిర్వాహక సంఘాలకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. ఎండలో తాడుకు వేలాడుతూ పని చేసేవారి కష్టమన్నా, జీతం బత్తెం లేకుండా భవనం బాగోగులు చూసేవారి ఓపికన్నా నాకు గౌరవం ఉంది. ఆ మాట ముందుగా చెప్పి నేరుగా విషయానికి వస్తున్నాను.

నేను పావురాలను ముద్దు చేసే మనిషిని కాను. బాల్కనీ గచ్చు మీద రెట్టలు గీకి గీకి విసిగినవారిలో, తెల్లవారకముందే కిటికీ అవతల గుర్రుమనే ఆ గొంతుకు నిద్ర చెడినవారిలో నేనూ ఒకరిని. భవనానికంతటికీ వల వేయించాలని మా సంఘం తీర్మానించినప్పుడు అవునని చేయెత్తాను, ఈ రోజుకీ అదే మాట మీద ఉన్నాను. నా అభ్యంతరమంతా ఆ వల వేసిన తీరు గురించే. దాన్ని సంఘానికి రెండుసార్లు రాతపూర్వకంగా తెలిపాను, పని చేసిన సంస్థకు ఒకసారి ఫోను చేసి చెప్పాను. సంఘం నుంచి జవాబు లేదు. సంస్థ నుంచి “పని అయిపోయింది కదండీ” అన్న ఒక్క మాట వచ్చింది. అందువల్ల ఈ లేఖను అందరి ముందూ పెట్టవలసి వచ్చింది.

జరిగిన సంగతి ఇది. ఇద్దరు పనివారు ఉదయం వచ్చి సాయంత్రానికల్లా మా వైపు నిలువు వరుసంతా ముగించారు. మా పడకగది కిటికీ పక్కన, ఏసీ బయటి యూనిట్‌కూ గోడకూ మధ్య జానెడు సందు ఉంది. ఆ సందులో నాలుగు పుల్లలు, ఒక ప్లాస్టిక్ తాడు ముక్క, ఎండిన రెట్టలు కలిసి గట్టిపడి పళ్లెంలా తయారైన గూడు, అందులో రెండు పిల్లలు ఉన్నాయి. ఒంటినిండా పసుపు నూగు, దాని కింద అప్పుడప్పుడే పొడుచుకొస్తున్న ఈకల మొలకలు, ముఖానికి మించిన ముక్కు. వల ఆ గూటికి బయట బిగిసింది. సాయంత్రం తల్లో తండ్రో వచ్చి, వల దారాలకు గోళ్లు తగిలించుకుని, రెక్కలు టపటపా కొట్టుకుంటూ వేలాడింది, జారింది, ఎదుటి సజ్జ మీద కాసేపు కూర్చుని మళ్లీ వచ్చింది. చీకటి పడేదాకా ఇదే తంతు. ఆ చప్పుడు వినగానే పిల్లలు గూటి అంచుకు పాకి, సన్నగా కీచుమంటూ, మొలవని రెక్కలు ఆడించాయి. మర్నాడు ఉదయం నేను కింది వరుసలో నాలుగు హుక్కులు ఊడదీసి వల మూలను ఎత్తి కట్టాను. మూడు గంటలు గడిచాక పక్షి లోపలికి దూరింది. వల మీద చేయి వేస్తే వారంటీ చెల్లదని ఆ తరువాత తెలిసింది. చెల్లకపోతే పోనీ అనుకున్నాను.

మా వైపు అలా గట్టెక్కింది. స్నానాల గదుల వెనక నీటి గొట్టాలు దిగే నిలువు సందు వైపు గట్టెక్కలేదు. అక్కడికి ఏ కిటికీ నిండుగా తెరుచుకోదు కాబట్టి ఎవరూ చూడలేదు. వారం తిరిగేసరికి రెండు అంతస్తుల స్నానాల గదుల్లో కుళ్లు వాసన, దాని వెంట ఈగలు. చివరికి పైనుంచి వల విప్పించి, చచ్చిన పిల్లలను తీయించి, మళ్లీ బిగించారు. ఆ రెండోసారి కూలి అందరి నెలవారీ నిర్వహణ రుసుములోనే కలిసింది.

పనివారిని నిందించడానికి ఇది రాయడం లేదు. “చూశామండీ, పక్షి లేదు” అన్నారు వారు, అది నిజమే. వారికి ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. పావురం సాధారణంగా రెండు గుడ్లు పెడుతుంది. వాటిని పొదగడానికి 17 నుంచి 19 రోజులు, పిల్లలకు రెక్కలొచ్చి ఎగరడానికి మరో నాలుగైదు వారాలు పడుతుంది. పొదిగే రోజుల్లో పొద్దెక్కాక మగపక్షి వచ్చి మధ్యాహ్నం దాకా కూర్చుంటుంది, మిగిలిన పొద్దూ రాత్రంతా ఆడపక్షి వంతు. అందుకే ఆ దశలో ఎప్పుడు చూసినా గూటి మీద ఒక పక్షి ఉంటుంది. గుడ్డు పగిలిన మొదటి రోజుల్లో రెండు పక్షులూ తమ మేతసంచిలో ఊరే పాలలాంటి పదార్థాన్ని పిల్లల నోటికి అందిస్తూ అంటిపెట్టుకునే ఉంటాయి. వారం పది రోజులు గడిచి, పిల్లలకు తమ ఒంటి వేడి తమకే సరిపోయే దశ రాగానే, పెద్ద పక్షులు పగలు చాలాసేపు బయటే ఉండి మేత పెట్టడానికి మాత్రం వచ్చిపోతాయి. అంటే మీరు నిచ్చెన ఎక్కే వేళకు గూటి మీద పెద్ద పక్షి కనబడలేదంటే, గూడు ఖాళీగా ఉందని అర్థం చేసుకోవడానికి వీల్లేదు. లోపల పిల్లలు ఓ మోస్తరుగా ఎదిగి ఉన్నాయనడానికి అదే గుర్తు కావచ్చు. చేయి చాపి, అద్దమో ఫోను కెమెరానో సందులోకి పెట్టి చూస్తే తప్ప తేలే విషయం కాదు.

ఈ తొందరపాటు వల్లనూ, పక్షులను తరిమే పేరుతో అంటగడుతున్న రకరకాల సరుకుల వల్లనూ ఇళ్లలో ఉండే మామూలు మనుషులు పడుతున్న ఇబ్బందులను కింద వరుసగా రాస్తున్నాను.

1. రెట్టల దుమ్ము. ఏళ్ల తరబడి పేరుకున్న రెట్టల మీద నీళ్లయినా చల్లకుండా డ్రిల్ పెట్టి, పొడి చీపురుతో ఊడ్చి, ఆ దుమ్మును తెరిచిన కిటికీల్లోంచి ఇళ్లలోకి పంపుతున్నారు. పావురాల రెట్టల్లో క్రిప్టోకాకస్ అనే శిలీంధ్రం పెరుగుతుంది. క్లామిడియా సిట్టసీ అనే బ్యాక్టీరియా సోకిన పక్షుల రెట్టల ద్వారా ఊపిరితిత్తుల జబ్బు రావచ్చు. ఆ దుమ్మును, ఈకల పొడిని చాలాకాలం పీల్చిన కొందరిలో ఊపిరితిత్తులు అలర్జీతో వాచి, నిర్లక్ష్యం చేస్తే మచ్చలు కట్టి గట్టిపడతాయి. రోగనిరోధక శక్తి తగ్గినవారికి, ఉబ్బసం ఉన్నవారికి, పసిపిల్లలకు ఇది చిన్న విషయం కాదు. అందరికంటే ముందు పీల్చేది డ్రిల్ పట్టుకున్న మనిషే, అతని ముక్కుకు చేతిరుమాలు కూడా లేదు. చేయవలసింది చాలా తేలిక: ముందు తడపాలి, నానిన తరువాత గీకి సంచిలో కట్టాలి, చేతులకు తొడుగులు, ముఖానికి ఎన్95 మాస్కు ఉండాలి, ఆ గంటసేపు చుట్టుపక్కల కిటికీలు మూసి ఉంచమని ఇంటింటికీ చెప్పాలి.

2. వదులు వల. బిగుతుగా లాగని వల గాలికి ఊగుతుంది, ఊగే వలలో కాలు చిక్కిన పక్షి తలకిందులుగా వేలాడి చస్తుంది, దాన్ని తీయడానికి ఇంట్లోవాళ్లు ఎత్తులో బయటికి వంగి తమ ప్రాణం మీదికి తెచ్చుకుంటారు. వల కన్ను, అంటే రంధ్రం, కొలత కూడా తప్పుతోంది. పావురానికి 50 మిల్లీమీటర్ల కన్ను చాలు, పిచ్చుకను ఆపాలంటే 19 మిల్లీమీటర్లు ఉండాలి. పావురం వలే ఎక్కడైనా సరిపోతుందని బిగిస్తే పిచ్చుక లోపలికి దూరి, బెదిరినప్పుడు బయటికి దారి తెలియక కొట్టుకుంటుంది. ఇక ఏసీ బాగుచేసే మెకానిక్ వచ్చిన రోజు చూడాలి. అతనికి చేయి పట్టే తలుపు లేక వలను బెత్తెడు కోస్తాడు, పని ముగించి వెళ్లిపోతాడు. ఆ కోతలోంచి దూరిన పావురానికి మళ్లీ ఆ కోత కనబడదు. తెగిన దారాల ముక్కలు కింద పడి మరో హాని చేస్తాయి. దారాలు, వెంట్రుకలు పావురాల కాళ్లకు చుట్టుకుని వేళ్లు తెగిపోతుంటాయి. పారిస్‌లో చేసి 2019లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, క్షౌరశాలలు ఎక్కువగా ఉన్న వీధుల్లోనే వేళ్లు తెగిన పావురాలు ఎక్కువని తేలింది.

3. ముళ్ల పట్టీలు. వీటి మీద పావురాలు పుల్లలు పరిచి హాయిగా గూడు కట్టిన బొమ్మలు మీరూ చూసే ఉంటారు. అంతకు మించిన సంగతి 2023లో నెదర్లాండ్స్ పరిశోధకులు ప్రకటించారు. బెల్జియంలోని యాంట్‌వెర్ప్ నగరంలో ఒక మాగ్‌పై, అంటే కాకి జాతికే చెందిన పిట్ట, భవనాల మీది ముళ్ల పట్టీలను పీకి తెచ్చి, ముళ్లు బయటికి ఉండేలా తన గూటికి కప్పు వేసుకుంది. ఆ ఒక్క గూటిలో దాదాపు 1,500 ముళ్లు ఉన్నాయి. పక్షిని దూరంగా ఉంచుతుందని మీరు అమ్మిన సరుకును పక్షి తన ఇంటి కాపలాకు వాడుకుంది. అడుగున అద్దాలు తుడిచే మనిషి చేతికి మాత్రం అవి ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉన్నాయి.

4. జిగురు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లయ్యేది దీనితోనే. జిగురు ఈకలకు అంటితే పక్షి తన ఒంటి వేడిని నిలుపుకోలేదు, సరిగా ఎగరలేదు. పావురం కోసం రాసిన జిగురుకు పిచ్చుకలు, బల్లులు అతుక్కుని చస్తాయి. కొన్నాళ్లకు దుమ్ము పట్టి జిగురు గుణం పోతుంది, మరక మాత్రం గోడకు మిగులుతుంది. దీన్ని వాడే సంస్థను పిలవవద్దని సంఘాలను సూటిగా కోరుతున్నాను.

5. మనకు వినబడని శబ్దంతో పక్షులను పారదోలుతామనే పెట్టెలు. మనిషి చెవికి అందే పై హద్దు దాదాపు 20,000 హెర్ట్జ్. చాలా పక్షులకు 10,000 దాటితేనే సరిగా వినబడదు. మనకే వినబడనంత హెచ్చు శ్రుతి శబ్దం పావురానికి ఎలా వినబడుతుందో ఆ పెట్టెలు అమ్మేవారు చెప్పాలి. కదలని ప్లాస్టిక్ గుడ్లగూబ సంగతి ఇంతకంటే మెరుగేమీ కాదు. కొద్ది రోజుల్లో దాని తల మీదే రెట్ట పడుతుంది.

6. విషం, పట్టివేత. 4-అమినోపిరిడిన్ అనే విష రసాయనం కలిపిన గింజలు తిన్న పక్షి మూర్ఛలతో కొట్టుకుంటుంది, అది చూసి మిగతా గుంపు బెదరాలన్నదే ఆ మందు కిటుకు. పిల్లలు ఆడుకునే పెరట్లో దాన్ని వాడవచ్చని ఎవరైనా అన్నా వినవద్దు. పట్టి దూరంగా వదలడం దయగా కనిపిస్తుంది గానీ, వందల కిలోమీటర్ల నుంచి గూటికి దారి వెతుక్కునే పక్షికి అది ఒక పూట ప్రయాణం. చంపితే తగ్గుతాయా అంటే, స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరం చేసి చూసింది. అక్కడ 1961 నుంచి 1985 వరకు దాదాపు లక్ష పావురాలను చంపారు, వాటి సంఖ్య మాత్రం సుమారు 20,000 దగ్గరే నిలిచింది. 1988లో దారి మార్చి, మేత వేయడం మానమని జనానికి నచ్చజెబుతూ, పర్యవేక్షణలో ఉన్న గూళ్ల నుంచి గుడ్లు తీసివేస్తూ వచ్చాక నాలుగేళ్లు దాటేసరికి సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. మేత ఎంత ఉంటే పక్షులు అంత ఉంటాయి, ఖాళీ అయిన చోటును కొత్తవి నింపుతాయి.

మేత ప్రస్తావన వచ్చింది కాబట్టి సంఘాలకు ఒక మాట. గింజలు వేసే పెద్దవారి మీద జరిమానా నోటీసు అంటించడంతో మొదలుపెట్టవద్దు. మా భవనంలో అలా చేశాక ఆ పెద్దావిడ గింజలు మానలేదు, మాతో మాటలు మానేశారు. నెమ్మదిగా కూర్చోబెట్టి, మీరు వేసే గింజలే ఇన్ని గూళ్లకు, ఇన్ని పిల్లల చావుకు కారణమవుతున్నాయని చెప్పినప్పుడు ఆవిడే వినడం మొదలుపెట్టారు. ఇంకా పూర్తిగా మానలేదు, అది వేరే సంగతి.

మరి పక్షిని బాధించకుండా ఇంటికి దూరంగా ఉంచడం సాధ్యమా అంటే, సాధ్యమే, కాకపోతే ఓపిక కావాలి. అడవి పావురం పుట్టిల్లు కొండ చరియల్లోని అరుగులు. మన సజ్జలు, ఏసీ దిమ్మెలు, గొట్టాల సందులు దాని కంటికి అచ్చంగా అవే. కాబట్టి చదునుగా ఉన్న అరుగును 45 డిగ్రీలకు మించిన ఏటవాలు పలకతో కప్పితే అక్కడ కాలు నిలవదు. ఏసీ వెనక సందును, పైపు రంధ్రాలను, వెంటిలేటర్లను గూడు లేని సమయం చూసి లోహపు జాలీతో మూస్తే గోరింకలకు, పిచ్చుకలకు కూడా ఆ చోటు దక్కదు. గుడ్లు పెట్టకముందు, పుల్లలు తేవడం మొదలైన రోజే వాటిని తీసివేస్తూ వారం పాటు పట్టు విడవకుండా ఉంటే చాలా జంటలు చోటు మార్చుకుంటాయి. పావురం మొండిది, మనం ఇంకా మొండిగా ఉండాలి. గుడ్లు ఊరికే తీసివేస్తే కొద్ది రోజుల్లో మళ్లీ పెడుతుంది. జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ తదితర నగరాల్లో కట్టిన పావురాల గూళ్లలో అసలు గుడ్ల స్థానంలో నకిలీ గుడ్లు పెట్టడానికి కారణం అదే. కిటికీ అద్దాన్ని పదే పదే పొడిచే పిట్టకు వల అక్కరలేదు. అది తన నీడనే ప్రత్యర్థి అనుకుంటోంది, అద్దానికి బయటివైపు కాగితమో గుడ్డో కప్పి గుడ్లకాలం దాటేదాకా ఉంచితే చాలు. కాకి తల మీద తన్నుతోందని గూడు పడగొట్టమనేవారికి కూడా ఇదే చెబుతాను: పిల్లలు ఎగిరేదాకా ఆ కొద్ది వారాలూ గొడుగు పట్టుకుని వేరే దారిన నడవండి. తనను పట్టుకున్న మనిషి ముఖాన్ని కాకి ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటుందని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వారు సియాటిల్‌లో 2006లో ముసుగులు తొడుక్కుని మొదలుపెట్టిన ప్రయోగాల్లో తేలింది. దానితో కొత్తగా పగ తెచ్చుకోవడం తెలివైన పని కాదు.

ఇక మా డిమాండ్లు. వీటిలో ఏదీ పనిని ఆపేది కాదు, వాయిదా వేసేవి రెండున్నాయి.

వల బిగించే సంస్థలకు:

1. ధర చెప్పడానికి వచ్చిన రోజే ప్రతి సజ్జ, ప్రతి ఏసీ వెనుక, ప్రతి నిలువు సందు అద్దంతోనో కెమెరాతోనో చూసి, ఏ చోట గూడు ఉంది, అందులో గుడ్లా పిల్లలా అన్నది కాగితం మీద రాసి సంఘానికి ఇవ్వాలి. పని రోజు ఉదయం మళ్లీ చూడాలి.

2. గుడ్లు గానీ పిల్లలు గానీ ఉన్న చోటును వదిలి మిగతా పని చేసుకోవాలి. ఆ చోటుకు పిల్లలు ఎగిరాక రావడానికి అదనపు రుసుము అడగకూడదు. మొదటి పిల్లలు గూట్లో ఉండగానే పావురం మరో జత గుడ్లు పెట్టే అవకాశం ఉంది కాబట్టి, అక్కడి చట్టం అనుమతించిన చోట, ఆ కొత్త గుడ్లను పెట్టిన ఒకటి రెండు రోజుల్లోనే నకిలీ వాటితో మార్చే పద్ధతి మీ పనివారికి నేర్పాలి. లేకపోతే ఎదురుచూపుకు అంతుండదు.

3. పక్షి ఏదో గుర్తించకుండా గూడు ముట్టకూడదు. అమెరికాలో 1918 నాటి వలస పక్షుల ఒప్పంద చట్టం, బ్రిటన్‌లో 1981 నాటి వన్యప్రాణి, గ్రామీణ ప్రాంతాల చట్టం లాంటివి చాలా దేశాల్లో ఉన్నాయి. గుడ్లున్న గూడు కదిపితే శిక్ష పడేది మీకూ, మిమ్మల్ని పిలిచిన ఇంటివారికీ.

4. ప్రతి ఏసీ దగ్గర జిప్పో కొక్కేలో పెట్టి, తెరిచి మూసే చిన్న తలుపు వలలోనే ఉంచాలి. లోపల చిక్కిన ప్రాణిని విడిపించడానికి ఇంటివారు వల విప్పితే వారంటీ రద్దు చేయకూడదు.

నిర్వాహక సంఘాలకు:

1. తక్కువ ధర ఒక్కటే చూసి పని అప్పగించవద్దు. గూళ్ల జాబితా ఇవ్వని సంస్థకు బిల్లు చెల్లించవద్దు.

2. పని తేదీని పదిహేను రోజుల ముందు ప్రతి ఇంటికీ తెలపండి, తమ కిటికీ దగ్గర గూడు ఉందో లేదో ఇంటివారినే చూసి రాయమనండి. నిచ్చెన వేయకుండా చూడగలిగేది వారే.

3. చిక్కిన పక్షి గురించి ఎవరైనా చెబితే ఆ రోజే వల విప్పగల మనిషి ఎవరో, అతని నంబరు ఏమిటో నోటీసు బోర్డులో పెట్టండి.

4. ఏడాదికి రెండుసార్లు వలల బిగువు, కోతలు తనిఖీ చేయించండి.

మా భవనంలో ఉత్తరం వైపు వల పని ఇంకా మొదలు కాలేదు. ఆ వైపు మూడో అంతస్తులో, మెట్ల పక్క సజ్జ మీద మొన్న ఒక గుడ్డు కనబడింది, ఈ ఉదయానికి రెండయ్యాయి. ఈ రోజు నుంచి ఏడు వారాలు లెక్కపెట్టి ఆ సజ్జకు పని తేదీ వేయమని, ఈ ఒక్క విషయంలోనైనా వారం లోపల రాతపూర్వకంగా జవాబు ఇవ్వమని కోరుతున్నాను.

ఇట్లు,
నాలుగో అంతస్తు నివాసి